మూడు రోజుల కాలదోషం

నందిగామ నుంచి జగ్గయ్యపేట పోయే బస్సుల్లో కండక్టర్లు మా ఊరి పేరు పిలవరు. "గుంట, గుంట దగ్గర దిగేవాళ్ళు రండి" అంటారు. రోడ్డు పక్కన ఎకరం మేర నోరు తెరుచుకుని ఉంటుంది ఆ గుంట. కొత్తవాళ్ళయితే ఎండిపోయిన చెరువనుకుంటారు. చెరువు కాదు, ఒక మనిషి పొలం. ఆ మనిషి పేరు ఆదెమ్మ. ఆమె ఇంకా బతికే ఉంది. ఆ గుంటలోనే ఒక మూల పని చేసుకుంటూ, బస్సు ఆగినప్పుడల్లా తన పొలానికి జనం పెట్టిన పేరు వింటూ ఉంటుంది.

ఆ పిలుపు వింటే నాకు రోత పుడుతుంది. తవ్వినవాడి మీద కొంత, తవ్వింది నిజమేనని ఒప్పుకుని కూడా చేతులు కడుక్కున్న చట్టం మీద కొంత, అన్నిటికంటే ఎక్కువగా చంకలో పంచాంగం పెట్టుకు తిరిగే ఒక గుమాస్తా మీద. అందులో నా వాటా కూడా ఉంది. అదీ చెబుతాను.

ఆదెమ్మది చెవిటికల్లు. కృష్ణ ఒడ్డున పుట్టి, మా మెట్ట ఊరికి పదమూడో ఏట కోడలిగా వచ్చింది. మొగుడు శాంతయ్య మా తాత దగ్గర పాలేరు. పద్దెనిమిదేళ్ళు చేశాడు. ఆఖర్న మా తాత రోడ్డు పక్కన ఎకరం ఇరవై సెంట్లు శాంతయ్య పేర రిజిస్ట్రీ చేయించాడు. మా ఇంట్లో ఇప్పటికీ దాన్ని దానం అని చెప్పుకుంటారు. దానమూ కాదు, పాడూ కాదు. ఏళ్ళ తరబడి నిలవేసిన జీతానికి బదులు, నాగలి దిగని రాళ్ళచెక్క అంటగట్టాడు.

మొగుడూ పెళ్ళాం ఆ చెక్కలో రాళ్ళు ఏరి గట్టున పేర్చారు. వేసవిలో ఊరి చెరువు ఎండితే అడుగున ఒండ్రు తేలుతుంది. మా ఎడ్లకు పని లేని రోజుల్లో బండి అడిగి తోలేవారు, బండి దొరకని రోజుల్లో తట్టలతో నెత్తిన మోసేవారు. ఒకటి కాదు, రెండు కాదు, పదిహేను వేసవులు. చేనంతా జానెడు మందాన నల్లమట్టి పరుచుకుంది. జొన్న పండింది, కంది పండింది, ఒక ఏడు మిరప కూడా వేశారు. ఆ మిరప కోసిన ఏడే శాంతయ్య జ్వరంతో పోయాడు. పుట్టిన బిడ్డలిద్దరూ పురిట్లోనే పోయారు. ఆమెకు మిగిలింది ఆ జానెడు మట్టి. దాంట్లో ఒంటి చేత్తో పండించుకుని తింటూ, ఎవరింటికీ కూలికి పోకుండా నాలుగేళ్ళు గడిపింది. మా ఊళ్ళో కొందరికి అదే కంటగింపు.

యాభై ఎనిమిదిలో హైదరాబాదు రోడ్డును మా ఊరి దగ్గర ఎత్తు చేశారు. పని పట్టింది జగ్గయ్యపేట కాంట్రాక్టరు కొండలరావు. మట్టి ఎక్కడ తవ్వుకోవాలో అతనికి కాగితం మీద రాసిచ్చారు. మైలున్నర అవతల బంజరు. అక్కడ నేల గట్టి, పైగా మైలున్నర బండ్లు తోలాలి. ఆదెమ్మ చేను రోడ్డును ఆనుకునే ఉంది. పైన మెత్తటి మట్టి, కింద రోడ్డుకు పనికొచ్చే మొరం. చేనుగల మనిషి ఊళ్ళో లేదు.

అక్క రత్తమ్మ పోయిందని కబురొస్తే ఆదెమ్మ రోహిణి కార్తె పెట్టిన రోజున చెవిటికల్లు వెళ్ళింది. మూడో రోజు సాయంత్రం తిరిగొచ్చి బస్సు దిగేసరికి ఆఖరి బండ్లు తన చేలోంచి రోడ్డెక్కుతున్నాయి. చుట్టుపక్కల ఊళ్ళ బండ్లన్నీ దించి, మూడు రోజులూ పగలూ రాత్రీ తొంభై సెంట్లు నిలువెత్తు తవ్వేశారు. రోడ్డుకు దూరంగా ఉన్న కొస ఒక్కటీ, ముప్పై సెంట్లు, మిగిలింది.

అప్పుడు జరిగిన మాటలు మా పాలేళ్ళు విని చెప్పారు. ఆమె ఏడవలేదట. బండికి అడ్డం నిలబడి మేస్త్రీని అడిగింది.

"ఎవరి మట్టయ్యా ఇది?"

"సర్కారు రోడ్డమ్మా. సర్కారు మట్టి."

"అయితే నా మొగుడు సర్కారా?"

బండివాళ్ళు నవ్వారు. మేస్త్రీ ఎడ్లను అదిలించాడు. ఆమె పక్కకు తప్పుకోక తప్పలేదు.

మర్నాడు కొండలరావే వచ్చాడు. గొంతు పెంచే మనిషి కాదు. ఇస్త్రీ పంచె గుంట అంచున మాసిపోకుండా చేత్తో పైకి పట్టుకుని, కూలీలు తెలీక తవ్వారనీ, రోడ్డు పని అవగానే తనే బండ్లు పెట్టి పూడిపిస్తాననీ చెప్పాడు. కాగితాలూ కోర్టులూ మనకెందుకమ్మా అన్నాడు. ఊరి పెద్దలు నలుగురు పక్కనే ఉన్నారు. అందులో మా నాన్న ఒకడు. పెద్దమనిషి మాట ఇచ్చాడు కదా, ఇంకేం కావాలి అన్నారు.

ఆ మాట మీద రెండేళ్ళ తొమ్మిది నెలలు గడిచాయి. మొదట వానలు పోనీ అన్నాడు. వానలు పోయాక ఎడ్లు నూర్పిళ్ళలో ఉన్నాయన్నాడు. ఆ తర్వాత బిల్లు రాలేదన్నాడు. పెద్దలు మూడుసార్లు కూర్చున్నారు, మూడుసార్లూ ఆదెమ్మనే ఓర్చుకోమన్నారు. ఆమె నడిచి జగ్గయ్యపేట పోయేది, అతని ఇంటి అరుగు కింద నిలబడేది, ఇంకో వాయిదా పట్టుకుని తిరిగొచ్చేది. ఈ లోపల కూలికి పోవడం మొదలుపెట్టింది. పొద్దున తన గుంట పక్క నుంచే పరాయి చేలకి.

చివరికి అరవై ఒకటి ఫిబ్రవరిలో, అదే అరుగు కింద నిలబడి ఉంటే, కొండలరావు వక్కపొడి నములుతూ అన్నాడట: "ఏ గుంటమ్మా?"

ఆ రెండు ముక్కలతో ఆమెకు విషయం బోధపడింది. మరుసటి రోజే నందిగామ వెళ్ళింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, చాలామందికి తెలీదు కాబట్టి. పరాయివాడు మన భూమిలో జొరబడి పాడుచేస్తే నష్టానికి దావా వేయడానికి గడువు మూడేళ్ళు. పాడైన రోజు నుంచి లెక్క. గుంట కళ్ళెదుట అలాగే ఉన్నా సరే, లెక్క మాత్రం మొదటి రోజు నుంచే నడుస్తుంది. పూడుస్తానని అవతలివాడు నోటితో ఎన్ని మాటలిచ్చినా అది ఆగదు. పెద్దలు కూర్చున్న రోజులను మినహాయించరు. కొండలరావుకు ఇదంతా తెలుసు. అతను మాటలు ఇచ్చింది పూడ్చడానికి కాదు, రోజులు వెళ్ళదీయడానికి. మా పెద్దలకు తెలీదు. తెలుసుకోవాలన్న బుద్ధీ లేదు.

నందిగామలో ప్లీడరు జగన్నాథరావు గారు ఆమె చెప్పింది విని, కేసు బలంగా ఉందన్నారు. కరణం సాక్ష్యం చెబుతాడు, తవ్వమన్న చోటు వేరే ఉందని కాగితమే ఉంది. తవ్వింది ఏ రోజు అని అడిగారు.

"రోహిణి కార్తె పెట్టిన మూడో రోజండి. విళంబి ఏడు."

పక్కనే కింద కూర్చున్న గుమాస్తా కృష్ణయ్య పంతులు కిసుక్కున నవ్వాడు. కోర్టులో కార్తెలు చెబితే కుదరదే అన్నాడు. పాత పంచాంగాల కట్ట విప్పి, విళంబి తీసి, వేలు పెట్టి చూపించాడు. జ్యేష్ఠ శుద్ధ నవమి, మంగళవారం. ఇంగ్లీషు తేదీ మే ఇరవై ఏడు. ప్లీడరు గారు ఇంగ్లీషు తేదీ రాసుకున్నారు. పంతులు తిథి రాసుకున్నాడు.

కృష్ణయ్య పంతులు పని చేసే పద్ధతే అది. ఆ ఆఫీసులో ఏ దావా గడువు ఎప్పుడు తీరుతుందో చూసే బాధ్యత అతనిది. దానికి ఒక డైరీ ఇచ్చారు. అతను డైరీలో రాయడు. పంచాంగంలో, తిథి పక్కన ఖాళీలో, చిన్న అక్షరాలతో రాసుకుంటాడు. ఇరవై ఏళ్ళుగా అలాగే చేశాడు. అందరి దావాలూ గడువుకు నెలలు ముందే పడుతుంటాయి గనక ఆ పద్ధతిలో ఉన్న బొక్క ఎప్పుడూ బయటపడలేదు.

ఆదెమ్మ దావా నెలల ముందు పడలేదు. గుంట కొలిచి సర్వేయరు కాగితం ఇచ్చేసరికి ఏప్రిల్ చివరికొచ్చింది. కోర్టు స్టాంపుల కోసం ఆమె ఉన్న ఒక్క మేకనూ అమ్మింది. ప్లీడరు గారు దావా మీద సంతకం పెట్టేసరికి కోర్టు వేసవి సెలవులకు మూసేశారు. ఆయన కంగారు పడలేదు. గడువు సెలవుల్లో తీరినా, కోర్టు తెరిచిన రోజున వేస్తే చెల్లుతుంది. ఆ ఒక్క రోజే. ఆదెమ్మ వింటుండగానే కృష్ణయ్య పంతులుతో చెప్పారు, తెరిచిన రోజే వెయ్యమని. తను బందరు జిల్లా కోర్టులో పని మీద ఉంటాననీ చెప్పారు.

ఆ ఏడు కోర్టు తెరిచింది జూన్ పన్నెండు, సోమవారం. ఆ రోజు నేనూ నందిగామలో ఉన్నాను. బెజవాడలో బి.ఏ. సగంలో వదిలేసి ఇంటికొచ్చి, మా నాన్న చెప్పిన పనులు చేస్తూ, చెప్పించుకున్నందుకు చిరాకు పడుతూ తిరుగుతున్న రోజులు. కోర్టు వరండాలో నీడ ఉందని నిలబడి సిగరెట్టు కాలుస్తున్నాను.

ఆదెమ్మ అప్పటికే వచ్చి ఉంది. ఉతికిన చీర కట్టుకుంది. కృష్ణయ్య పంతులు కాగితాల కట్టతో వచ్చాడు. దావా ఆ కట్టలోనే ఉంది, స్టాంపులు అంటించి, సంతకాలు పెట్టి, దారం కట్టి. కాగితాలు తీసుకునే గుమాస్తా బల్ల పది అడుగుల దూరంలో ఉంది. పంతులు వేరే వాళ్ళ కాగితాలు రెండు అక్కడ ఇచ్చి, ఆదెమ్మ దావా మాత్రం చంకలోనే పెట్టుకుని తిరిగొచ్చాడు.

"ఇవాళ వద్దే ఆదెమ్మా. అధిక మాసం. అందులో చతుర్దశి, రేపు అమావాస్య. కొత్త దావా వేసే రోజేనా ఇది? గురువారం నిజ జ్యేష్ఠ విదియ. దివ్యంగా ఉంది."

"ప్లీడరుగారు తెరిచిన రోజే ఎయ్యమన్నారు గదా పంతులుగారూ."

"ఆయన జాగ్రత్తకి అలా అంటారు. లెక్క నేను చూశాను. విళంబి జ్యేష్ఠ శుద్ధ నవమికి తవ్వారు. ఈ ప్లవ జ్యేష్ఠ శుద్ధ నవమికి మూడేళ్ళు. అధికం లెక్కలోకి రాదు. నిజ జ్యేష్ఠం ఇంకా పుట్టనే లేదు. నీకింకా పది రోజుల గడువుంది."

ఆ ఏడు జ్యేష్ఠాలు రెండొచ్చాయి. మొదటిది అధికం, రెండోది నిజం. ఏడాదికి పదమూడు నెలలు వచ్చినప్పుడు తద్దినాలు ఎప్పుడు పెట్టాలో చూసినట్టు అతను చట్టం గడువును చూశాడు. ఇంగ్లీషు తేదీ లెక్కన మూడేళ్ళు మే ఇరవై ఏడుకే తీరిపోయాయి. సెలవుల పుణ్యమా అని ఆ ఒక్క సోమవారం మిగిలింది.

ఆదెమ్మ కదల్లేదు.

"మాకు అధిక మాసాలు లేవయ్యా. మేం ఏసు ప్రభువును నమ్ముకున్నోళ్ళం. రోహిణి ఎళ్ళిపోయింది, మృగశిర వచ్చింది. నా లెక్కకి మూడేళ్ళు దాటిపోయినయ్యి. ఇయ్యాలే ఎయ్యండి."

"నీకు లేకపోతే నాకుంది. కాగితం పెట్టేది నా చేత్తో."

వరండాలో పదిమంది ఉన్నారు. గుమాస్తాలు, కక్షిదారులు. ఊరి బయట పల్లెలో ఉండే మనిషి పంతులుకి లెక్క చెబుతోందని వాళ్ళకు సరదాగా ఉంది. పంతులు నన్ను చూశాడు. ఏం అబ్బాయ్, కాలేజీ చదివావుగా, నువ్వే చెప్పు ఈవిడకి అన్నాడు. ఆదెమ్మ కూడా నా వైపే చూసింది.

నాకు గడువుల సంగతి తెలీదు. తెలీదు అని చెప్పి ఉంటే సరిపోయేది. ప్లీడరు గారు చెప్పింది చెయ్యండి అని ఉన్నా సరిపోయేది. నేను సిగరెట్టు పారేస్తూ, "పంతులుగారికి తెలీదా, ఆయన చెప్పినట్టే విను" అన్నాను. నా వాటా అది.

నాలుగు రాళ్ళ మెట్లున్నాయి ఆ కోర్టుకు. ఆదెమ్మ ఆ మెట్ల మీద సాయంత్రం దాకా కూర్చుంది. పంతులు మనసు మారుతుందేమోనని. అయిదింటికి బంట్రోతు తలుపులు మూసి తాళం వేశాక లేచి బస్సెక్కింది.

గురువారం నాడు కృష్ణయ్య పంతులు స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, దావా కాగితాల నాలుగు మూలలా పసుపు రాసి, తూర్పు ముఖంగా నిలబడి బల్ల మీద పెట్టాడు. కోర్టు ముద్ర పడింది. జూన్ పదిహేను.

కార్తె సూర్యుడి లెక్క. ఏటా ఇంగ్లీషు తేదీకి అటూ ఇటూ ఒక రోజులో వస్తుంది. అధికాలతో దానికి పని లేదు. విత్తనం వేసేవాళ్ళకు అదే కావాలి. ఆ వరండాలో ఉన్నవాళ్ళందరిలో సరైన లెక్క చెప్పింది ఆదెమ్మ ఒక్కతే. ఆమెను చూసే మేమంతా నవ్వాం.

విచారణ ఏడాదిన్నర సాగింది. కరణం వచ్చి తవ్విన మాట నిజమన్నాడు. సర్వేయరు కొలతలు చెప్పాడు. కొండలరావు తరఫు ప్లీడరు వాళ్ళను పెద్దగా ప్రశ్నలు కూడా వేయలేదు. అంత నిమ్మళంగా ఎందుకున్నాడో చివరి రోజు తెలిసింది. లేచి రెండు తేదీలు చదివాడు. కోర్టు తెరిచింది పన్నెండు. దావా పడింది పదిహేను. కూర్చున్నాడు.

మున్సబు గారు జగన్నాథరావు గారిని ఏమైనా చెబుతారా అని అడిగారు. ఆయన గుమాస్తా వైపు చూశారు. గుమాస్తా గోడ గడియారం వైపు చూశాడు. అప్పీళ్ళకైతే ఆలస్యాన్ని మన్నించే వీలుంటుందట. దావాకు ఆ వీలు లేదు. ఒక్క రోజు ఆలస్యమైనా ఒకటే, మూడు రోజులైనా ఒకటే. కొట్టేశారు.

వరండాలోకి వచ్చాక కృష్ణయ్య పంతులు ఆదెమ్మకు సంగతి చెప్పాడు. అతనికి దొరికిన మాట, గడువు దాటిన దావాకు కోర్టువాళ్ళందరూ వాడేదే.

"కాలదోషం పట్టిందే. అందుకని కొట్టేశారు."

ఆమెకు ఆ మాట కొత్త. 

"దోషం లేని రోజు చూసేగా ఏశారు?"

"ఈ దోషం వేరేలే."

"ఎన్ని దోషాలున్నాయయ్యా మీ కాడ?"

పంతులు దేనికైనా ప్రాప్తం ఉండాలి అని గొణిగాడు. ఆ మాట అనడానికి అతనికి నోరెలా వచ్చిందో నాకిప్పటికీ అర్థం కాదు. అప్పుడామె గొంతు పెంచకుండా, "ఆ రోజు నేను ఈ మెట్ల మీదే ఉన్నా. పొద్దుగూకేదాకా ఉన్నా" అంది. అతను లోపల పనుందని వెళ్ళిపోయాడు.

జగన్నాథరావు గారు మంచివారని నందిగామలో పేరు. గుమాస్తాను నాలుగు మాటలు అని ఉంటారు. తీసేయలేదు. తిథులూ వర్జ్యాలూ చూసి పెట్టే మనిషి ఆఫీసులో ఉంటే కక్షిదార్లు వస్తారు. నిరుడు ఉగాదికి అదే ఆఫీసు అరుగు మీద కూర్చుని కృష్ణయ్య పంతులు పంచాంగ శ్రవణం చేశాడు. నందిగామ జనం ముందు వరసలో కూర్చుని ఎవరి రాశికి ఎంత ఆదాయమో విన్నారు. ఆ వీధిలోంచి పోతూ చూశాను. 

తీర్పు నకలు తెప్పించింది ఆదెమ్మే. గుంట గట్టు మీద కూర్చుని నన్ను చదవమంది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసి చెబుతుంటే మధ్యలో ఆపింది.

"తవ్వింది నిజమని రాశారా అబ్బాయిగారూ?"

"రాశారు. వాది భూమిలో ప్రతివాది మనుషులు ప్రవేశించి మట్టి తవ్వుకుపోయిన మాట రుజువైంది, అని ఉంది."

"ఆ ముక్క మళ్ళీ చదవండి."

మళ్ళీ చదివాను. మూడోసారి కూడా చదివించుకుంది. మిగిలిన పేజీలు అక్కర్లేదంది. కాగితం మడిచి బొడ్డున దోపుకుంది. ఆ రోజు వరండాలో నేనన్న మాటకు ఏమైనా అంటుందేమోనని కూర్చున్నాను. ఆమె ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆ వేసవిలో రోహిణి పెట్టిన మూడో రోజున ఆమె తట్ట తీసింది. ఊరి చెరువు నుంచి గుంటకు, పావుమైలు, నెత్తిన ఒండ్రు మోయడం మొదలుపెట్టింది. కూలి పని అయ్యాక రోజుకు ఇరవై తట్టలు. చెరువులో నీళ్ళు వచ్చేదాకా. మా బండి ఇప్పించమని నాన్నను అడిగాను. కొండలరావుతో తగువు మనకెందుకురా అన్నాడు. ఆమె గుంట ఆమె పూడ్చుకుంటుంటే అది తగువెలా అవుతుందని అడిగాను. కాలేజీ వదిలేసినవాడివి, నీకు ఇవన్నీ ఎందుకన్నాడు. పల్లెలోవాళ్ళు ఆదివారం చర్చి అయ్యాక నలుగురైదుగురు వచ్చి సాయం పట్టేవారు. ఊళ్ళోంచి ఒక్కడు రాలేదు. నేను రెండు రోజులు మోశాను. మూడో రోజు మెడ పట్టేసి మానేశాను. రెండు రోజుల పని గొప్పగా చెప్పుకోవడానికి రాయడం లేదు.

నాలుగు వేసవులకు గుంటలో ఒక మూల పూడింది. సెంటున్నర ఉంటుంది. నాలుగైదు మంచాలు వేసుకుని కాస్త అటూ ఇటూ తిరగొచ్చు. దాంట్లో ఆమె గోంగూర వేస్తుంది. ఇంకా ఎనభై ఎనిమిదిన్నర సెంట్లు గుంటే. ఆమె వయసు యాభై దాటింది. ఈ లెక్క నేను ఒకసారి నోరు జారి ఆమె దగ్గరే వేశాను. ఇలా అయితే రెండు వందల ఏళ్ళు పడుతుందని చెప్పాను. "నా లెక్క నాకుంది" అంది.

ఆ లెక్క ఏమిటో ఆమె ఇంట్లోకి చూస్తే తెలుస్తుంది. చర్చిలో పంచే క్యాలెండరు గోడకు ఉంటుంది. ఆమెకు అక్షరాలు రావు. అంకెలు మాత్రం చర్చి పంతులమ్మ దగ్గర నేర్చుకుంది. పొద్దున లేవగానే బొగ్గుతో నిన్నటి తేదీ మీద గీత కొడుతుంది. గడిచిపోయిన ఏళ్ళ క్యాలెండర్లు కూడా పారేయలేదు. వాసానికి చుట్టలు చుట్టి కట్టి ఉంటాయి.

ఈ ఏడు మే నెలలో రోడ్డును ఈసారి వెడల్పు చేయడం మొదలుపెట్టారు. పని మళ్ళీ కొండలరావుదే. ఒక పొద్దున మేస్త్రీ, ఇరవై మంది కూలీలు, పది బండ్లు ఆదెమ్మకు మిగిలిన కొస దగ్గర ఆగాయి. ఆ ముప్పై సెంట్లే ఇప్పుడు ఆమె గింజలు పండించుకునే చోటు. గోల విని నేను వెళ్ళేసరికి ఆమె గట్టు మీద నిలబడి ఉంది. మేస్త్రీ మెత్తగా మాట్లాడుతున్నాడు. అయ్యగారు వచ్చి మీతో మాట్లాడతారు, పని అయ్యాక రెండు గుంటలూ కలిపి పూడిపిస్తారు అంటున్నాడు.

"ఇయ్యాల మే పద్దెనిమిది. బుధవారం. అరవై ఆరు" అంది ఆదెమ్మ.

మేస్త్రీకి అర్థం కాలేదు.

"కోర్టుకు సెలవులు. జూన్ పదమూడున తెరుస్తారు. గడ్డపార దించితే పదమూడు పొద్దున్నే నేను మెట్ల మీద ఉంటా. అమావాస్యైనా సరే, అధికమైనా సరే. ఈ తూరి కాగితం నా చేత్తోనే పెడతా. ముందు తవ్వింది నిజమని కోర్టోళ్ళు రాసిచ్చిన ముక్క కూడా నా దగ్గరుంది. పోయి మీ అయ్యగారికి చెప్పు."

మేస్త్రీ తల గోక్కున్నాడు. కూలీలు గడ్డపారల మీద చేతులానించి అతని మొహం చూశారు. ఒక మనిషిని సైకిలు మీద పంపాడు. గంటలో కబురొచ్చింది. బండ్లు కదిలాయి.

కదిలి ఎంతో దూరం పోలేదు. పక్కనే మా బంధువు పుల్లయ్య చేను. పుల్లయ్య వేలేరో మరెక్కడో పెళ్ళికి వెళ్ళాడు. ఆ రోజే మొదలుపెట్టి, అతను వచ్చేలోగా అరెకరం తవ్వేశారు. ఆ పని నా కళ్ళెదుటే జరిగింది. అడ్డం పడితే మేస్త్రీ నాకు కాంట్రాక్టరుతో మా నాన్నకున్న స్నేహం గుర్తుచేశాడు.

పుల్లయ్య వచ్చిన రోజున ఆదెమ్మే అతని ఇంటికి వెళ్ళింది. గుమ్మం బయట నిలబడి, తవ్వడం మొదలైంది పద్దెనిమిదో తారీకనీ, ఆ తేదీ కాగితం మీద రాయించుకోమనీ, కొండలరావు ఇచ్చే మాట నమ్మొద్దనీ చెప్పింది. పుల్లయ్య మంచం మీంచి లేవలేదు. కొండలరావు కబురు పంపాడు, దసరాకి పూడిపిస్తానన్నాడు అని చెప్పాడు. అప్పటికీ చెయ్యకపోతే నందిగామలో కృష్ణయ్య పంతులు ఉన్నాడుగా, మంచిరోజు చూసి దావా వేయిస్తాడులే అన్నాడు.

ఆదెమ్మ తిరిగి వస్తూ వస్తూ, వీధి వైపున్న అతని పశువుల కొట్టం గోడ మీద కొంగున ఉన్న బొగ్గుతో అంకెలు వేసింది. పెద్దవిగా, వంకరగా, బస్సులోంచి చూసినా కనబడేటట్టు. 18-5-66.

మర్నాడు పొద్దున పుల్లయ్య పెళ్ళాం సౌభాగ్యమ్మ దాన్ని పేడనీళ్ళతో అలికేసింది. ఎవరు రాశారో తెలిశాక పసుపునీళ్ళు కూడా చల్లింది.

ఆ తేదీ ఇప్పుడు రెండు చోట్ల ఉంది. ఒకటి ఆదెమ్మ గోడకున్న క్యాలెండరులో, బొగ్గుతో సున్నా చుట్టి. రెండోది ఈ కాగితం మీద.